మా ఫుప్పూకి ఎన్ని పేర్లు?

మా ఫుప్పూ పేరు ఇక్కడ రాయడం లేదు. రాయాలంటే ఏ పేరు రాయాలన్నదే మొదటి పేచీ. రేషన్ కార్డులో ఆమె పేరు చివర 'బీ' ఉంది. ఆధార్ కార్డులో 'బేగం' ఉంది. ఓటరు కార్డులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండకూడదని ఎవరో ఊరి పేరు తెచ్చి అందులో పెట్టారు. మూడూ ఆమె పేర్లే. మూడూ గవర్నమెంటు ఇచ్చినవే. 2016లో ఆమె తుంటి ఎముక విరిగి దవాఖానాలో పడుకున్నప్పుడు, ఆ మూడు పేర్లదీ ఒకే మనిషని రుజువు చేయడానికి మాకు తొమ్మిది రోజులు పట్టింది.

ఈ సంగతి అప్పుడే పేపర్లో రాశాం. తప్పుగా రాశాం. అందుకే మళ్ళీ రాస్తున్నాం.

'నేను' అనకుండా 'మేము' అని రాస్తామని తెలుగు స్నేహితులు మమ్మల్ని ఎగతాళి చేస్తుంటారు. మా ఇళ్ళల్లో ఉర్దూలో ఒక్క మనిషి కూడా 'హమ్' అనే అంటాడు. అది అలవాటు. ఇంకో కారణం కూడా ఉంది. ఎక్కడో ఎవడో ఒక సాయిబు ఏదో చేస్తే, ఆఫీసులో పక్క సీటు వాళ్ళు మా వంక చూస్తారు. జవాబు మేమందరం చెప్పాలి. లోకం మమ్మల్ని ఏకవచనంలో చూడనప్పుడు మేమొక్కళ్ళం ఏకవచనంలో ఎట్లా రాసుకోవాలి?

ఫుప్పూది పాలమూరు దగ్గర పల్లె. ఫజర్ నమాజుకి వజూ చేసుకోబోయి నల్లా దగ్గర జారిపడింది. అరవై ఆరేళ్ళ మనిషి. లేవలేకపోయింది. సాయంత్రానికి హైదరాబాద్ తెచ్చి ఒక పెద్ద దవాఖానాలో చేర్చాం. ఆమెకు తెలుగు రాక కాదు. బజార్లో, పొలంలో, ఇరుగుపొరుగుతో తెలుగే. కానీ నొప్పి అమ్మభాషలోనే వచ్చింది. "కమర్ టూట్ గయీ బాబా" అని ఏడ్చింది. కమర్ అంటే నడుము. నడుమని రాసుకున్నారు. ముందు నడుముకి ఎక్స్‌రే తీశారు. తుంటికి తీసేసరికి తెల్లారింది.

ఆ తర్వాత పేరు దగ్గర ఆగిపోయింది. ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ జరగాలంటే ట్రస్టు నుంచి ముందు అనుమతి రావాలి. కార్డులో పేరు, ఆధార్‌లో పేరు ఒకటి కాదు. సరిచేయించుకు రమ్మన్నారు. మీసేవకు పోతే తహసీల్దార్ ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడికి పోతే శనివారం. తర్వాత ఆదివారం. తర్వాత నోటరీ, ప్రమాణపత్రం, రెండు ఫొటోలు. ముసలివాళ్ళకు తుంటి విరిగితే ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ చేయడం మంచిదని ఎముకల డాక్టర్లు చెప్తారు. కదలకుండా పడుకుంటే వీపు పుండ్లు పడుతుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. ఫుప్పూకి రెండూ అయినాయి. పదో రోజు ఆపరేషన్ అయింది. కానీ ఆమె మళ్ళీ తన కాళ్ళ మీద నల్లా దాకా నడవలేదు. 2018లో పోయింది.

ఆ తొమ్మిది రోజులూ మాకు కనిపించింది ఒక్క జూనియర్ డాక్టరే. పాతికేళ్ళు దాటిన పిల్లవాడు. ఎప్పుడడిగినా "పేపర్లు రానీయండి సార్" అని వెళ్ళిపోయేవాడు. మా కోపమంతా అతని మీదికి పోయింది. పేదరాలి ప్రాణంతో జూడాల చెలగాటమని వార్త రాశాం. అతని పేరు రాయలేదు. కానీ వార్డు రాశాం, తేదీలు రాశాం. వార్డులో అందరికీ తెలిసిపోయింది. అతను సంజాయిషీ రాసి ఇవ్వవలసి వచ్చిందని తర్వాత విన్నాం. అప్పుడు మాకు బాధ కలగలేదు. న్యాయం జరిగిందనే అనుకున్నాం.

కిందటేడు ఒక మెడికల్ కాలేజీలో సామాజిక వైద్యం చెప్పే డాక్టరమ్మ ఫోన్ చేశారు. "మీ పాత వార్తని మా పీజీలకు పాఠంగా పెడుతున్నాం. మీరొచ్చి కూర్చుంటారా?" అన్నారు. మేము బీఏ చదివినవాళ్ళం. మెడికల్ కాలేజీ గడప రోగి వెంట తప్ప తొక్కినవాళ్ళం కాదు. వెళ్ళాం.

2020లో వచ్చిన నిబంధనల ప్రకారం పీజీ డాక్టర్లు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలి. వెళ్ళేముందు వాళ్ళకు ఈ వైద్య వ్యవస్థ ఎట్లా నడుస్తుందో తెలియాలి కదా అన్నారు డాక్టరమ్మ. రోగం సంగతి వాళ్ళకు వచ్చు. రోగి ఎక్కడినుంచి ఎట్లా వచ్చాడు, ఎవరు పంపారు, డబ్బెవరిస్తారు, ఇంటికి పోయాక ఎవరు చూస్తారు అన్నది ఏ పరీక్షలోనూ గట్టిగా అడగరు. లెక్చరిస్తే నిద్రపోతారని ఆమె టీమ్ బేస్డ్ లెర్నింగ్ అనే పద్ధతి పెట్టారు. అమెరికాలో ఓక్లహామా యూనివర్సిటీలో లారీ మైకెల్‌సన్ అనే ప్రొఫెసరు 1970ల చివర, క్లాసులో పిల్లలు మరీ ఎక్కువైపోయినప్పుడు మొదలుపెట్టిన పద్ధతట. ఆయన చెప్పింది వ్యాపార పాఠాలు. 2000 తర్వాత మెడికల్ కాలేజీల్లోకి బాగా వచ్చింది.

ముప్పై మంది పిల్లలు. ఆరు జట్లు. జట్టులో ఎముకలవాళ్ళు, మత్తువాళ్ళు, పిల్లల డాక్టర్లు కలగలిపి. ఎవరికి వారు జట్టు ఎంచుకునే వీల్లేదు. ముందు ఇంటి దగ్గర చదువుకు రావాలి. వచ్చాక పది ప్రశ్నల పరీక్ష, ఎవరిది వాళ్ళు రాయాలి. అదే పరీక్ష మళ్ళీ జట్టుగా రాయాలి. గీకే కార్డు ఒకటి ఇస్తారు. సరైన జవాబు గడి గీకితే కింద నక్షత్రం కనిపిస్తుంది. కనిపించకపోతే మళ్ళీ వాదించుకుని ఇంకొకటి గీకాలి.

మమ్మల్ని కూడా రాయమన్నారు. మైదాన ప్రాంతంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఎంత జనాభాకి? 30 వేలకి. గిరిజన ప్రాంతంలో? 20 వేలకి. ఒక ఆశా కార్యకర్త ఎంతమందికి? సుమారు వెయ్యిమందికి. ఇవేవీ మాకు తెలియవు. ఇన్నేళ్ళు ఆరోగ్య వార్తలు రాసి తెలియవు! ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదట ఏ జిల్లాల్లో మొదలైందన్న ప్రశ్నకి మాత్రం మేము టక్కున రాశాం. మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. మా పాలమూరు కదా. ముప్పై మందిలో అది రాసినవాళ్ళు తక్కువ. పదికి మాకు నాలుగొచ్చాయి. మేము కూర్చున్న జట్టుకి తొమ్మిదొచ్చాయి. ఆ జట్టులో ఎవరికీ విడిగా తొమ్మిది రాలేదు. ఒకరికి తెలియనిది ఇంకొకరికి తెలుసు. దవాఖానాలో కూడా అంతే. కానీ అక్కడ వాళ్ళని ఒక బల్ల చుట్టూ ఎవరూ కూర్చోబెట్టరు.

తర్వాత మా ఫుప్పూ వచ్చింది. ఒక కాగితం మీద. పేరు లేదు, వయసుంది, తేదీలున్నాయి. కింద ప్రశ్న: ఈ తొమ్మిది రోజులు పోకుండా ఉండాలంటే మీరు అన్నిటికన్నా ముందు మార్చేది ఏది? ఒక్కటే చెప్పాలి.

అ: చేరిన రోజే పీజీ డాక్టరు ఆరోగ్యమిత్రతో మాట్లాడే ఏర్పాటు. ఆ: ఉర్దూ తెలిసిన సహాయకుల్ని పెట్టడం. ఇ: పేర్ల తేడాని ఆసుపత్రిలోనే పరిశీలించి తేల్చే ఏర్పాటు. ఈ: కుటుంబం తన పత్రాలను ముందుగానే సరిచేసుకోవడం.

ఒకటి, రెండు, మూడు అనగానే ఆరు జట్లూ ఒక్కసారే అట్టముక్కలెత్తాలి. పక్కవాళ్ళని చూసి మార్చుకునే వీల్లేదు. ఎత్తారు. మూడు జట్లు 'ఈ'. రెండు జట్లు 'అ'. ఒకటి 'ఇ'. 'ఆ' ఎవరూ ఎత్తలేదు.

మా గుండె జారిపోయింది. అంటే సగం మంది డాక్టర్ల లెక్కన తప్పు మా ఫుప్పూదే!

లేచి మాట్లాడుదామనుకున్నాం. డాక్టరమ్మ కళ్ళతోనే ఆగమన్నారు. 'ఈ' ఎత్తిన జట్టుని అడిగారు, ఎందుకని. ఒక అబ్బాయి మర్యాదగానే చెప్పాడు. "మేడమ్, ఆసుపత్రిని రేపే మార్చలేం. పత్రాలు సరిగా ఉంటే ఏ గొడవా ఉండదు కదా" అన్నాడు. తప్పుడు మనసుతో అన్నది కాదు. వాళ్ళింట్లో అందరి పత్రాలూ సరిగానే ఉండి ఉంటాయి.

'ఇ' ఎత్తిన జట్టులోంచి ఒక పిల్లవాడు లేచాడు. ఆదిలాబాద్ వైపు తండా నుంచి వచ్చాడు. ఎముకల విభాగం. "మా నాయనమ్మకు ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1. మా నాయనకూ జనవరి 1. మా తండాలో సగం మందికి జనవరి 1. మేమేమన్నా ఒకేరోజు పుట్టినమా? తారీఖు తెలియదంటే రాసుకునేటాయన అదే కొట్టిండు. మా పేరు మేం రాసుకోలేదు సార్. ఎవరో విని, వాళ్ళకు వచ్చినట్టు రాసిండ్రు" అన్నాడు.

క్లాసు కాసేపు నిశ్శబ్దంగా ఉంది.

మేము చెప్పవలసిన మాట ఆ లంబాడా పిల్లవాడు చెప్పాడు. మా పేర్లు అరబ్బీలోంచి, ఫారసీలోంచి వచ్చి, ఉర్దూలో పలికి, తెలుగులో విని, ఇంగ్లీషులో కంప్యూటర్లోకి ఎక్కుతాయి. ప్రతి గట్టు దగ్గరా ఒక అక్షరం రాలిపోతుంది. ఖాజా కాజా అవుతాడు. ఫాతిమా పాతిమా అవుతుంది. జహీర్‌లోని మొదటి అక్షరం తెలుగులోనే లేదు. షేక్ ఒకచోట పూర్తిగా ఉంటుంది, ఒకచోట ఎస్.కె. అయిపోతుంది. ఆడవాళ్ళ పేరు చివర బీ, బేగం, బాను, ఖాతూన్ అనేవి ఇంటిపేర్లు కావు. మాలో చాలా కుటుంబాలకు అసలు ఇంటిపేరు లేదు. గడి మాత్రం ఉంది. గడి ఉంది కాబట్టి ఏదో ఒకటి నింపాలి. నింపినవాడు ఎటో పోతాడు. నింపినందుకు శిక్ష ఫుప్పూకి.

విరామంలో టీ తాగుతుంటే హిజాబ్ వేసుకున్న ఒక అమ్మాయి వచ్చి సలాం చేసింది. ఆమె జట్టు 'ఈ' ఎత్తిన జట్టు. "నువ్వు కూడా అదే అన్నావా బేటీ?" అని అడిగాం. తలదించుకుంది. "నాకు 'ఆ' అనిపించింది అంకుల్. మా నానీని కూడా ఇట్లనే... కానీ నేనంటే, ముస్లిం కాబట్టి అంటుంది అనుకుంటారు. నలుగురు ఒకటంటున్నప్పుడు ఎందుకని ఊరుకున్నా" అంది.

ఆ మాట మమ్మల్ని ఇప్పటికీ వదలడం లేదు. 2007లో వచ్చిన బీసీ-ఇ నాలుగు శాతం రిజర్వేషన్‌తో మా పిల్లలు కొందరైనా మెడికల్ కాలేజీల్లోకి వచ్చారు. వచ్చారు సరే. బల్ల దగ్గర కూర్చున్నాక నోరు తెరవడానికి ఏ శాతం కావాలి? జట్టు అంటే ఐదుగురిలో నలుగురి మాట చెల్లడమేనా? అట్లయితే అది బయట ఉన్నదే. దానికి క్లాసెందుకు?

ఆ అమ్మాయి పేరెత్తకుండా ఈ సంగతి డాక్టరమ్మకు చెప్పాం. ఆమె నొచ్చుకున్నారు. "పరీక్షప్పుడు ఎవరిది వాళ్ళు ముందు రాస్తారు. ఇక్కడ ఆ పని చేయించలేదు. పొరపాటు నాది" అన్నారు. విరామం తర్వాత అదే ప్రశ్న మళ్ళీ ఇచ్చారు. ఈసారి ముందు ఎవరి జవాబు వాళ్ళు చీటీ మీద రాసి జట్టు మధ్యలో పెట్టాలి, ఆ తర్వాతే మాట్లాడుకోవాలి. చీటీలు విప్పితే 'ఆ' ఆరు చోట్ల కనిపించింది. ఆ క్లాసులో ముస్లిం పిల్లలు ఇద్దరే. మిగతా నలుగురు ఎవరు? తమిళనాడు నుంచి వచ్చి తెలుగు రాక అవస్థపడుతున్న ఒక పిల్ల. కోయభాష మాట్లాడే రోగుల్ని చూసిన ఒకతను. ఇంకో ఇద్దరు. ఆ అమ్మాయి ఈసారి మాట్లాడింది. కమర్ అంటే ఏమిటో, తుంటికి ఉర్దూలో కూల్హా అంటారనీ, మా ఆడవాళ్ళు ఆ మాట మగ డాక్టరు ముందు అనడానికి సిగ్గుపడి కమర్ అనే అంటారనీ చెప్పింది. అది మాకే తోచలేదు.

రెండోసారి అట్టలెత్తినప్పుడు 'ఈ' ఒక్క జట్టుదే మిగిలింది. ఆ జట్టు మారలేదు. మారాలని మేము అనుకోవడం కూడా లేదు. పత్రాలు సరిచేసుకోవాలన్న మాట అబద్ధం కాదు. మా బస్తీల్లో మేమే చెప్పుకోవలసిన మాట అది. కానీ దాన్ని విరిగిన ఎముకతో పడుకున్న మనిషికి చెప్పకూడదు.

ఈ నగరంలో డాక్టర్లు ఒకప్పుడు ఉర్దూలోనే వైద్యం చదువుకున్నారు. 1846లో పెట్టిన హైదరాబాద్ మెడికల్ స్కూల్లో మొదట పాఠాలు ఉర్దూలోనే. తర్వాత ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మాధ్యమంలో నడిచింది, పుస్తకాలు తర్జుమా చేయడానికి దారుల్‌తర్జుమా పెట్టారు. ఇది తలుచుకుని మావాళ్ళు ఛాతీ విరుచుకుంటారు. మేమూ విరుచుకున్నాం. కానీ ఆ క్లాసులో కూర్చున్నాక ఇంకో సంగతి తట్టింది. ఆ రోజుల్లో పాలమూరు పల్లె నుంచి వచ్చిన తెలుగు రైతు తన నొప్పి ఏ భాషలో చెప్పుకున్నాడు? ఉర్దూలో చదివిన డాక్టరు ముందు అతను నిలబడ్డ చోటనే ఇవాళ మా ఫుప్పూ పడుకుంది. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూని రెండో అధికార భాష చేశారు. సంతోషం. కానీ చట్టంలో ఉన్న భాష మంచం దాకా రావాలి. ఉర్దూతో పాటు గోండీ రావాలి, కోయ రావాలి, లంబాడీ రావాలి.

ఇదంతా విని, తప్పు వ్యవస్థదే, మనుషులు మంచివాళ్ళే అనుకుని ఇంటికి పోవడం సులభం. అట్లా పోలేం. 2020 మార్చిలో నిజాముద్దీన్ మర్కజ్ సంగతి బయటపడ్డాక టీవీల్లో రోగానికి మా మతం పేరు పెట్టారు. దగ్గు వచ్చినా పరీక్షకు పోవడానికి మా బస్తీల్లో జనం భయపడ్డారు. అదే ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీద కేసులు కొట్టేస్తూ వాళ్ళని బలిపశువుల్ని చేశారని చెప్పింది. అది గడులూ స్పెల్లింగులూ చేసిన పని కాదు. మనుషులు తెలిసి చేసిన పని. ఏది ఏర్పాటులో లోపం, ఏది మనసులో విషం అన్నది విడదీసి చూడటం నేర్చుకోవాలి. రెండిటినీ ఒకటే అంటే విషానికి సాకు దొరుకుతుంది. లోపానికి ఎవడో ఒక అమాయకుడు బలి అవుతాడు.

మేము బలి ఇచ్చిన అమాయకుడి సంగతి ఆ రోజే తెలిసింది. క్లాసయ్యాక డాక్టరమ్మ చెప్పారు. ఆ జూనియర్ డాక్టరు ఆమెకు తెలిసినవాడు. ఆరోగ్యశ్రీ పనులు చూసే మెడికల్ కోఆర్డినేటర్ ఎవరో అతనికి రెండు రోజుల దాకా తెలియదు. తెలిశాక రెండుసార్లు ఫోన్ చేశాడు. కేస్ షీట్‌లో రాసి కూడా పెట్టాడు. మేము ఆ కేస్ షీట్ చూడలేదు. అతన్ని ఒక్క ప్రశ్న అడగలేదు. మా ఫుప్పూని ఒక గడిలో ఇరికించారని ఏడ్చినవాళ్ళం, అతన్ని ఇంకో గడిలో ఇరికించి వార్త అచ్చు వేశాం. 'జూడాలు' అన్న ఒక్క మాటతో ఒక మనిషిని మాయం చేశాం. సాయిబులు అన్న ఒక్క మాటతో మమ్మల్ని చేసినట్టే.

అతనిప్పుడు ఒక జిల్లా ఆసుపత్రిలో పనిచేస్తున్నాడు. ఉత్తరం రాశాం. ఇంకా జవాబు రాలేదు. రాకపోయినా అడగం.

క్లాసు చివర పిల్లలు తాము రేపటి నుంచి చేయగలిగింది ఒక్కటి రాసి ఇచ్చారు. రోగి చేరగానే కేస్ షీట్ మొదటి పేజీలోనే మూడు సంగతులు రాస్తారట. కార్డులో పేరు ఎట్లా ఉందో అట్లాగే. ఇంట్లో మాట్లాడే భాష ఏది. ఆరోగ్యమిత్ర ఫోన్ నంబరు. అంతే. డబ్బు ఖర్చు లేదు, జీవో అక్కర్లేదు. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలకు పెరిగింది. మంచిదే. కానీ మా ఫుప్పూకి తక్కువైంది లక్షలు కాదు. ఆ మూడు లైన్లు.

వచ్చేటప్పుడు తండా పిల్లవాడు దగ్గరికొచ్చి అడిగాడు. "సార్, ఆమె అసలు పేరేంది?"

ఏం చెప్పాలి? మరణ ధ్రువీకరణ పత్రంలో నాలుగో పేరు రాశారు. అది కూడా సరిచేయించలేదు. ఆమె ఆస్తి ఏమీ లేదు కాబట్టి అవసరం రాలేదు.

"మేము ఫుప్పూ అనేవాళ్ళం" అన్నాం.